ఇసుక కింద సున్నా

ఏటి పక్క వీధిలో ఆమెకు రెండు పేర్లుండేవి. పెద్దలు పెట్టిన పేరు ఆఫీసు కాగితాల మీద మాత్రమే కనబడేది. మిగతా అందరికీ ఆమె కొలతక్క. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. వంతెన మూడో స్తంభం మీద రంగుతో గీసిన కొలబద్ద ఒకటి ఉంది. అడుగున సున్నా, పైన ఆరు మీటర్లు. రోజుకు మూడుసార్లు గట్టు మీద నిలబడి, నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చూసి, పుస్తకంలో రాసుకుని, పట్నంలోని ఆఫీసుకు ఫోన్లో చెప్పాలి. అదీ ఆమె ఉద్యోగం.

అంతకు ముందు ఆ పని ఆమె మామగారు చేసేవారు. ఇరవై ఆరేళ్ళు చేసి, కళ్ళకు పొరలు కమ్మి, కోడలికి అప్పగించేటప్పుడు ఆయన ఒక్కటే చెప్పారు.

"దీనికి తెలివితేటలు అక్కర్లేదమ్మా. నీళ్ళు ఎక్కడుంటే ఆ అంకె చెప్పు. లేకపోతే సున్నా చెప్పు. మన అభిప్రాయం ఎవరూ అడగరు, మనం చెప్పకూడదు."

ఆమె ఏడో తరగతి దాకా చదివింది. అంకెలంటే భయం లేదు. పైగా రాయాల్సినవి ఎక్కువగా సున్నాలే. ఏడాదిలో పదకొండు నెలలు అది ఏరు కాదు, ఇసుక. వానలు కురిసేది ఎక్కడో పైన రాళ్ళ గుట్టల్లో. ఇక్కడ నెత్తి మాడే ఎండలో, ఒక్క మబ్బు తునక లేకుండా ఏరు వచ్చేది. ముందు చప్పుడు వినబడేది, ఎవరో దూరంగా బరువైన గోనెసంచులు నేల మీద ఈడ్చుకొస్తున్నట్టు. తర్వాత నురగ, పుల్లలు, ఎండుటాకులు, ఒక్కోసారి ఎవరిదో ఒంటి చెప్పు. వాటి వెనక చిక్కటి గోధుమరంగు నీళ్ళు. నీళ్ళనడమే గానీ అందులో పావువంతు మట్టే. రెండ్రోజులు పారి, మేట వేసి పోయేది. మేట మీది సన్నటి ఒండ్రు పొర ఎండకు పగిలి, అంచులు లేచి, పెంకుల్లా చుట్టుకునేది. ఆ ఏరు సముద్రం దాకా వెళ్ళిన సంగతి ఎవరూ చూడలేదు, వినలేదు. దారిలో ఇసుకే తాగేసేది.

కొలతక్క ఉద్యోగంలో చేరిన తొమ్మిదో ఏడు, ఒక ఉదయం కొలబద్ద వైపు చూసి పుస్తకం తెరిచి, రాయకుండా ఆగిపోయింది. స్తంభం మీద సున్నా లేదు. ఒకటి కూడా లేదు. ఇసుక రెండో గీత దగ్గర ఉంది. అది ఒక్క పూటలో జరిగింది కాదు. ఏడాదికో జానెడు చొప్పున ఇసుక పెరుగుతూనే ఉంది. రోజూ చూస్తున్నది కాబట్టే ఆమెకు కనబడలేదు.

మామగారు అప్పటికే కాలం చేశారు. ఇంటికి వెళ్ళి, కుట్టుమిషను ముందు కూర్చున్న మొగుణ్ణి అడిగింది. అతను దర్జీ. మాట్లాడేది తక్కువ.

"ఏమండీ, ఏట్లో చుక్క నీరు లేదు. కానీ ఇసుక రెండు మీదుంది. సున్నా అనాలా, రెండు అనాలా?"

"నీళ్ళు లేవుగా. సున్నా."

"మరి రేపు చీలమండ లోతు నీళ్ళొస్తే?"

"చీలమండ అని చెప్పు."

"చీలమండ అనే అంకె లేదు కదండీ!"

అతను సూదిలో దారం ఎక్కిస్తూ, "ఆఫీసుకు రాయరాదూ" అన్నాడు.

రాసింది. నాలుగు నెలలకు జవాబొచ్చింది, ఒకే వాక్యం: "సూచనల ప్రకారం కొలవవలెను." అది విని అత్తగారు, "ఏ సూచనల ప్రకారం?" అంది. "అదే రాయలేదత్తయ్యా" అంది కొలతక్క.

ఆ వానల కాలంలో ఒకరోజు పొద్దున ఆమె ఎప్పటిలాగే సున్నా చెప్పింది. పది గంటలకు సన్నగా నీళ్ళొచ్చాయి. చీలమండ తడిసేంత. కొలబద్ద మీద మాత్రం అది రెండు పాయింట్ ఒకటి. ఫోన్ చేసింది. ఆఫీసులో ఫోను దగ్గర కూర్చునే గుమాస్తా ఉలిక్కిపడ్డాడు.

"ఇంతలోనే రెండు మీటర్లా?"

"గీత అక్కడుంది సార్, కానీ నీళ్ళు చూస్తే..."

ఆ 'కానీ' అతని చెవిన పడేలోపు ఫోను పెట్టేశాడు. కింద పన్నెండు మైళ్ళ దూరంలోని ఊళ్ళో సైరను మోగింది. జనం బిందెలు, మేకలు, మంచాన పడ్డ ముసలివాళ్ళను మోసుకుని దిబ్బ ఎక్కి సాయంత్రం దాకా ఎండలో కూర్చున్నారు. నీటిబొట్టు రాలేదు. ఆ చీలమండ లోతు నీళ్ళు నాలుగు మైళ్ళు పోకుండానే ఇసుకలో ఇంకిపోయాయి.

మర్నాడు ట్రాక్టరు ఎక్కి పదిమంది వచ్చారు. కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు. పరుగులో పడి చెయ్యి విరిగిన ఒకామె కట్టుతో వచ్చి, ఇసుక వైపు చూసి, "నీళ్ళెక్కడమ్మా?" అని మాత్రం అడిగింది. తిట్టినా బాగుండేది అనిపించింది కొలతక్కకు.

ఆఫీసు ఈసారి వెంటనే స్పందించింది. "ఇకనుంచి కొలబద్ద మీది అంకెలోంచి రెండు తీసేసి చెప్పు" అన్నాడు గుమాస్తా. తీసివేత ఎవరికి రాదు? చిక్కు వీడిందని ఆమె హాయిగా ఊపిరి తీసుకుంది.

కొలతక్కకు ఒక తమ్ముడున్నాడు. పాల వ్యాను నడిపేవాడు. వంతెనకు రెండు మైళ్ళ కింద ఏటికి అడ్డంగా వేసిన సిమెంటు చప్టా మీదుగా రోజూ అతని దారి. వరద రోజుల్లో అక్కను అడగకుండా చక్రం దించేవాడు కాదు. నెల తిరక్కముందే పెద్ద ఏరు వచ్చింది. కొలబద్ద మీద రెండు పాయింట్ ఆరు. రెండు తీసేస్తే సున్నా పాయింట్ ఆరు. ఆఫీసుకు అదే చెప్పింది. తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఎంతుంది?"

"అర మీటరు, పైన ఒక బెత్తెడు."

"అయితే బండి పోతుంది" అని పెట్టేశాడు.

ఆమె ఫోను చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఏదో తేడాగా ఉంది. ఏటి నడుమ అలలు ముందుకు పోకుండా ఉన్నచోటే మూపురాల్లా లేచి, విరిగి, మళ్ళీ అక్కడే లేస్తున్నాయి. నీళ్ళ కింద ఎక్కడో రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. వంతెన గోడకు చెయ్యి ఆనిస్తే అరచెయ్యి జలదరిస్తోంది. బెత్తెడు ఎక్కువ అర మీటరుకు ఇంత ఆర్భాటమా అనుకుంది. తమ్ముడికి తిరిగి ఫోన్ చేద్దామా అనుకుంది. చేసి ఏం చెప్పాలి? అంకె అర మీటరే, నాకెందుకో భయంగా ఉంది అనా? చెయ్యలేదు.

చప్టా మీద నీళ్ళు నడుము దాటి ఉన్నాయి. ఆ బురద నీళ్ళలో అడుగు కనబడదు. వ్యాను సగం దూరం పోయాక ప్రవాహం దాన్ని అడ్డంగా తిప్పి, చప్టా అంచు నుంచి కిందికి తోసింది. తమ్ముడు తలుపు అద్దంలోంచి పైకి పాకి, టాపు మీద ఐదు గంటలు కూర్చున్నాడు. పాల క్యాన్లు బాతుల్లా వరసగా తేలుతూ పోయాయి. నీళ్ళు తగ్గాక తాడు విసిరి లాగారు. ప్రాణం దక్కింది. ఎడమ కాలి మడమ మాత్రం నలిగిపోయింది. ఆసుపత్రిలో అక్క మంచం పక్కకు రాగానే, "అర మీటరన్నావు కదక్కా" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగాడు. ఆ తిరగడం ఏడాది పాటు తిరిగాడు.

ఆమె మర్నాడే ఏటికి వెళ్ళింది. నీళ్ళు పోయాయి. ఇసుక కచ్చితంగా రెండో గీత దగ్గరే ఉంది, వరదకు ముందు ఎక్కడుందో అక్కడే. అంటే రెండు తీసెయ్యడం సరైనదే. సున్నా పాయింట్ ఆరు సరైనదే. ఆఫీసు వాళ్ళు కూడా పుస్తకం చూసి, "నీ తప్పేం లేదమ్మా, లెక్క సరిపోయింది" అన్నారు. లెక్క సరిపోయింది, తమ్ముడి కాలు పోయింది. రెండూ నిజమే. రెండూ ఒకే ఏట్లో ఎలా జరిగాయో ఆమెకు బోధపడలేదు. అన్నం ముందు కూర్చుంటే అదే. చీపురు పట్టుకుంటే అదే. "అమ్మాయ్, ఊడ్చిన చోటే ఊడుస్తున్నావు" అనేది అత్తగారు.

ఆ తర్వాతి ఏడు ఆఫీసు నుంచి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. కొలతక్కకు కూతురుంటే ఆ వయసే ఉంటుంది. మోకాళ్ళ దాకా జేబులున్న ప్యాంటు, ఎండకు కమిలిన ముక్కు. ఆమె కొలబద్ద వైపు చూడనే లేదు. ఏటి నడుమ మనిషి లోతు గొయ్యి తవ్వించింది. ఒక ఇనప గొలుసు కొసకు పళ్ళెం లాంటి రేకు కట్టి, గోతిలోకి దించి, గొలుసును నిటారుగా పట్టుకుని, చుట్టూ మళ్ళీ ఇసుక నింపించింది. పై కొస ఇసుక మట్టానికి ఉంచి, గట్టు మీంచి దూరాలు కొలిచి రాసుకుంది.

"గొలుసునెందుకమ్మా పాతిపెట్టడం?" అంది కొలతక్క.

"వరదొచ్చి వెళ్ళాక తవ్వుదాం. అప్పుడు చూపిస్తానక్కా."

వరద వచ్చింది, వెళ్ళింది. ఇసుక ఎప్పటిలాగే రెండు దగ్గర నిలిచింది. మనుషుల్ని పెట్టి తవ్వించారు. మోకాలి లోతు తవ్వినా గొలుసు లేదు. నడుము లోతులో తగిలింది. కింది భాగం నిటారుగానే ఉంది. పై భాగం మాత్రం మోచెయ్యిలా వంగి, ఏరు పారే వైపుకు వాలి పడుకుని ఉంది. దాని మీద మీటరు మందాన ఇసుక.

కొలతక్క గోతిలోకి దిగి ఆ వంపును వేలితో తడిమింది. "దీన్ని ఎవరు వంచారు?"

"ఏరే. వరద జోరులో ఇక్కడి ఇసుక మీటరు లోతు దాకా లేచి నీళ్ళతో నడిచిపోయింది. ఆనుకోడానికి ఏమీ లేక గొలుసు వాలిపోయింది. జోరు తగ్గేసరికి నీళ్ళకు మోసే బలం లేక, పైనుంచి తెచ్చిన ఇసుకను ఇక్కడ దించేశాయి. మళ్ళీ అదే మట్టానికి."

"అంటే ఇది పాత ఇసుక కాదా?"

"మీటరు లోతు దాకా కొత్తదే."

"చూడ్డానికి ఏం తేడా లేదే!"

"లేదు."

"అయితే మా తమ్ముడు పడ్డ రోజు... నేను గట్టు మీద నిలబడి చూస్తున్నప్పుడు..."

ఇంజినీరమ్మకు ఆ సంగతి తెలుసు. "నీళ్ళ పైభాగం మీరు సరిగ్గానే చూశారు. అడుగు కిందికి దిగిపోయింది. లోతు మీటరున్నర ఉండొచ్చు. ఎక్కువే ఉండొచ్చు. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

కొలతక్క గోతిలోనే చతికిలపడింది. "కొలుస్తుండగానే అడుగు పారిపోతే ఎక్కణ్ణించి కొలవాలమ్మా?"

"అదే మా ఆఫీసులోనూ తేలడం లేదక్కా."

ఆ సాయంత్రమే తమ్ముడి ఇంటికి వెళ్ళింది. అతను ముందు గదిలో కాలు చాపుకుని కూర్చున్నాడు. అతను కూర్చోమనకుండానే ఆమె ఎదురుగా కూర్చుని, ఒక డబ్బాలో బియ్యం పోసి, తన మెళ్ళోని గొలుసు తీసి అందులో నిలబెట్టి, పై బియ్యం తోసేసి, గొలుసు వాలిపోతే మళ్ళీ బియ్యం పోసి చూపించింది. మధ్యలో రెండుసార్లు తడబడింది. గొలుసు ఎటు వాలాలో మరిచిపోయి మళ్ళీ మొదటికొచ్చింది. తమ్ముడు డబ్బా తన వైపు లాక్కుని చూశాడు.

"నాకు అర్థం కాలేదక్కా. నీకయ్యిందా?"

"పూర్తిగా కాలేదురా. కానీ ఆరోజు వంతెన వణికింది. చెయ్యి పెట్టి చూశాను. నీకు చెప్పలేదు. అది మాత్రం అర్థమయ్యింది."

అతను బియ్యంలోంచి గొలుసు తీసి, దులిపి, ఆమె చేతిలో పెట్టాడు. "టీ తాగి వెళ్ళు" అన్నాడు. ఏడాది తర్వాత అన్న మొదటి మాటల్లో ఇదొకటి. ఆమె రెండు కప్పులు తాగింది.

ఇసుక పెరుగుతూనే ఉంది. వరద ఎంత తవ్వినా, పోయేటప్పుడు తవ్వినదానికంటే ఒక పిడికెడు ఎక్కువే పెట్టి పోయేది. "నేను కాపురానికొచ్చినప్పుడు రేవులో పదకొండు మెట్లు దిగేవాళ్ళం" అనేది అత్తగారు. "ఇప్పుడు మెట్లూ లేవు, దిగడమూ లేదు. ఏరే మన నెత్తి మీద కాపురం పెట్టింది." అది హాస్యానికి అన్న మాట కాదు. గట్టుకు అవతల ఏటి ఇసుక, ఇవతల వీధి. చూస్తే ఇసుకే ఎత్తు. ఆఫీసు వాళ్ళు గట్టు మీద మరో రెండడుగులు మట్టి పోయించి చేతులు దులుపుకున్నారు.

గొలుసు తవ్విన మూడో ఏడు, మిట్టమధ్యాహ్నం ఏరు వచ్చింది. కొలబద్ద మీద మూడు పాయింట్ ఒకటి. వంతెన వణుకుతోంది. ఆమె ఫోనులో అంకె చెప్పి, "చాలా జోరుగా ఉంది సార్" అని కూడా చెప్పింది. పది నిమిషాల్లో నీళ్ళు రెండు పాయింట్ ఎనిమిదికి దిగాయి. తర్వాత రెండు పాయింట్ మూడు. ఇంత తొందరగా ఏ వరదా తగ్గలేదు. పైనుంచి రాళ్ళు దొర్లే చప్పుడు ఆగలేదు. కానీ అది ఎదురుగా వినబడడం లేదు, పక్కనుంచి వినబడుతోంది. వీధి వైపునుంచి.

ఏం జరుగుతోందో ఆమెకు తెలియలేదు. ఏటికి గండి పడడం అంతకు ముందు ఎన్నడూ చూసింది కాదు. తెలియకపోయినా ఈసారి ఆగలేదు. ముందు మొగుడికి ఫోన్ చేసింది. "అత్తయ్యను వీపు మీద వేసుకుని పిండిమర మిద్దె ఎక్కండి. ఎందుకని అడక్కండి." తర్వాత వీధి చివర బస్సు షెడ్డు కాపలాదారుకు చేసింది.

"ఎంతొస్తోందక్కా?" అన్నాడతను.

"నాకు తెలీదు. ఎటొస్తోందో కూడా తెలీదు. తెలీదు కాబట్టే చెబుతున్నా, అందర్నీ పైకెక్కించు."

గట్టు వంతెనకు ఎగువన, మలుపు దగ్గర తెగింది. ఏరు పాత దారి వదిలి పల్లంలో ఉన్న వీధి పట్టుకుంది. వంతెన కింద ఇసుక తడి తడిగా మెరుస్తూ బయటపడింది. ఆమె గట్టు మీద నిలబడి, ఒక పక్క ఎండిన ఏరును, మరో పక్క పారుతున్న తన వీధిని చూస్తుండగా ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"ఇప్పుడెంతమ్మా?"

"వంతెన కింద సున్నా సార్."

"హమ్మయ్య. వరద తగ్గింది."

"తగ్గలేదు సార్. మా వీధిలో ఉంది."

"వీధిలోనా? ఎంతుంది?"

"కుట్టుమిషను మునిగింది సార్, ఇప్పుడే మా ఆయన మిద్దె మీంచి అరిచాడు."

"మీటర్లలో చెప్పమ్మా!"

ఆ వరదలో ఎవరూ పోలేదు. షెడ్డులో రెండు బస్సులు కిటికీల దాకా కూరుకుపోయాయి. గండి పక్కనున్న నాలుగు ఇళ్ళు గోడలు మాత్రం మిగుల్చుకున్నాయి. కొలతక్క ఇల్లు నిలబడింది గానీ, అందులో అడుగు పెట్టే చోటు లేదు. గుమ్మం దగ్గర గులకరాళ్ళు కుప్పగా ఉన్నాయి. ముందు గదిలో ముతక ఇసుక, అందులో కుట్టుమిషను చక్రం సగం దాకా మునిగి ఉంది. వంటగదిలో సన్న ఇసుక. అత్తగారు పడుకునే వెనక గదిలో మాత్రం ఒక్క పలుకు కూడా లేని బురద, వేళ్ళ మధ్య రుద్దితే తడిపిన పిండిలా జారిపోయేది. చూడడానికి వచ్చిన ఇంజినీరమ్మ ఒక్కో గదిలోంచి గుప్పెడు తీసి సంచుల్లో వేసుకుంది.

"నీళ్ళు గుమ్మంలోకి వేగంగా వచ్చాయి. లోపలికి వచ్చేకొద్దీ నెమ్మదించాయి. నెమ్మదించేకొద్దీ ముందు బరువైనవి దించేశాయి, చివరికి తేలికవి. ఏరు ఎక్కడ పరుచుకున్నా ఇలాగే పేర్చి పోతుంది" అంది.

అత్తగారు గుమ్మంలోని గులకరాళ్ళు చూస్తూ, "మర్యాద తెలిసిన ఏరే. సామానంతా గుమ్మం బయటే దించి మరీ లోపలికొచ్చింది" అంది. కొలతక్క నవ్వబోయి, కుట్టుమిషను వైపు చూసి, ఏడ్చేసింది. దర్జీ పార తెచ్చి గుమ్మం దగ్గర మొదలుపెట్టాడు. బయట ఆటో దిగి, కుంటుకుంటూ వచ్చిన తమ్ముడు ఇంకో పార అందుకున్నాడు. వెనక గది ఖాళీ చెయ్యడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ బురద పారకు అంటుకుంటే వదిలేది కాదు.

వీధిలో చాలామంది మెరకకు మారిపోయారు. కొలతక్క వాళ్ళు పిండిమర మిద్దె మీది రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. వంతెన దగ్గర కొలబద్ద చదవడం ఆపవద్దని ఆఫీసు రాసింది. ఏడాదంతా ఆమె అక్కడ సున్నాలు రాసింది, ఏరేమో వీధిలో పారింది. రెండో ఏడు పిండిమర గోడ మీద కొత్త కొలబద్ద గీశారు. "నా గోడ మీద అంకెలేంటి, మర తూకం అనుకుంటున్నారు జనం" అని మర యజమాని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఆ అంకెలకు రంగు ఆరకముందే సన్నటి ఏరొకటి వచ్చి, సగం వీధిలోకి, సగం పాత వంతెన కిందికి పారింది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఇక్కడ ఉలిపికట్టె కూడా రెండుగా చీలింది. ఇది ఎక్కడ స్థిరపడుతుందని ఇంజినీరమ్మను అడిగితే, వీధి కూడా మేట వేసి ఎత్తవుతుందనీ, అప్పుడు ఇంకేదైనా పల్లం వెతుక్కుంటుందనీ, అది పాత దారే కావచ్చు, కాకపోవచ్చనీ చెప్పింది.

ఇప్పుడు కొలతక్క పుస్తకంలో అంకెల గడి పక్కన చేత్తో గీసుకున్న గడి ఒకటి ఉంది. చప్పుడు ఎలా ఉంది, అల ఎక్కడ లేస్తోంది, నీళ్ళ రంగేమిటి, తనకు భయంగా ఉందా లేదా అని అందులో రాస్తుంది. మొదట్లో ఆ గడి కొట్టెయ్యమన్న గుమాస్తా ఈమధ్య అంకె కంటే ముందు అదే అడుగుతున్నాడు. వానలు మొదలయ్యాక ఉదయం ఏడింటికి ఫోను మోగుతుంది.

"అమ్మా, ఇవాళ ఏరెక్కడుంది?"

"చూసి చెబుతాను సార్, లైన్లో ఉండండి" అని ఆమె మిద్దె అంచుకు నడుస్తుంది.